మొదటి హోమ్ థియేటరుకు కొత్త చిన్న రిసీవరా, పాత పెద్ద రిసీవరా?

కొత్తశ్రోత:
సోఫాకూ స్పీకర్లకూ మధ్య దూరం మూడు మీటర్లు. అయిదు స్పీకర్లను, సొంత ఆంప్లిఫయరు గల ఒక సబ్‌వూఫరును ఇప్పటికే కొన్నాను. స్పీకర్ల సెన్సిటివిటీ 88 డెసిబెళ్ళు, ఇంపీడెన్సు 8 ఓములు. వీటన్నింటినీ నడపడానికి, టీవీకి చిత్రాన్ని అందించడానికి ఒకే ధరకు రెండు రిసీవర్లు దొరుకుతున్నాయి. ఒకటి అయిదు చానళ్ళ కొత్తది. చానలుకు 70 వాట్లు, ఈఆర్క్ (టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగ గుండానే రిసీవరుకు తెచ్చే ఆర్క్‌కు మెరుగైన రూపం) ఉంది. రెండవది 2012 నాటి ఏడు చానళ్ళది. 110 వాట్లు, ప్రీఅవుట్లు (బయటి ఆంప్లిఫయరుకు సంకేతాన్ని పంపే రంధ్రాలు), ఆర్క్ ఉన్నాయి గాని 4కె చిత్రాల నకలు నిరోధక రక్షణ అయిన హెచ్‌డీసీపీ 2.2 లేదు. ఏది తీసుకోమంటారు?

పాతరేడియో:
సందేహించకుండా పాతదే తీసుకోండి. కొత్తదాని వివరాల పుస్తకం చివరి పేజీలో చిన్న అక్షరాలను చదవండి. ఇలాంటి చవక రిసీవర్లలో చాలావాటికి ఆ వాట్లు రెండు చానళ్ళు మాత్రమే నడుస్తుండగా కొలిచినవై ఉంటాయి. అయిదు చానళ్ళూ ఒక్కసారిగా గర్జించే సన్నివేశంలో ఒకే చిన్న ట్రాన్స్‌ఫార్మరు అన్నింటికీ పంచిపెట్టవలసి వస్తుంది. పాతదానిని ఒకసారి ఎత్తి చూడండి, తేడా మీ నడుముకే తెలుస్తుంది. ప్రీఅవుట్లు ఉన్నాయి కనుక రేపు విడిగా పవర్ ఆంప్లిఫయరును కూడా తగిలించుకోవచ్చు.

ఓములెక్క:
శక్తి రెట్టింపు అయితే పెరిగేది 3 డెసిబెళ్ళే. 70 నుంచి 110కి వెళ్తే 2 డెసిబెళ్ళు కూడా పూర్తిగా రావు. పైగా 80 హెర్ట్జ్‌కు దిగువనున్న లోతైన ధ్వనుల బరువంతా సబ్‌వూఫరుకు అప్పగిస్తే రిసీవరుకు మిగిలే పని చాలా తక్కువ. అసలు చిక్కు హెచ్‌డీసీపీ 2.2 లేకపోవడం: రక్షణ ఉన్న 4కె చిత్రం ఆ పాత పెట్టె గుండా టీవీకి చేరదు.

గోడపక్క:
ఇలాంటి చర్చల ఫలితాన్ని గోడకు ఇవతలి నుంచి రోజూ వింటున్నవాడిగా 20 వాట్లు చాలునని మనవి చేస్తున్నాను.

పాతరేడియో:
ఓములెక్క గారూ, 70 అన్నది నిజంగా 70 అయితే కదా మీ లెక్క నిలిచేది? 1 కిలోహెర్ట్జ్ వద్దనా, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకా, వక్రీకరణ ఎంత ఉండగా కొలిచారు? ఇక 4కె సంగతి: ప్రసారపు పెట్టెను నేరుగా టీవీకి తగిలించి, ధ్వనిని ఆర్క్ గుండా రిసీవరుకు పంపితే సరిపోతుంది. స్ట్రీమింగులో వచ్చేది చాలావరకు డాల్బీ డిజిటల్ ప్లస్. దానికి ఈఆర్క్ అక్కరలేదు. ఆర్క్‌లో పట్టని, డిస్కుల్లో వచ్చే డాల్బీ ట్రూహెచ్‌డీ కావాలంటే ధ్వనికి రెండవ హెచ్‌డీఎంఐ ఉన్న డిస్కు ప్లేయరును ఎంచుకోవచ్చు.

ఓములెక్క:
అంటే ఒక పెట్టెలోని లోపాన్ని కప్పిపుచ్చడానికి మరొక పెట్టె ఎంపికను మార్చుకోవాలన్నమాట. మీ ప్రశ్నలన్నీ న్యాయమైనవే, కాని వాటిని 110కి ఎందుకు వేయరు?

పాతరేడియో:
బరువు అబద్ధం చెప్పదు కనుక.

దూదిచెవులు:
సంభాషణలు స్పష్టంగా వినిపించాలంటే సెంటర్ స్పీకరును చెవి ఎత్తుకు వంచి, క్రమాంకనపు మైకును (గదిలో ధ్వనిని కొలిచి రిసీవరు స్పీకర్లను సరిచేసుకోవడానికి వాడేది) సోఫాలో తల ఉండే చోట పెట్టి కొలవడం ముఖ్యం. దాని గురించి ఎవరూ మాట్లాడరేమి?

ఓములెక్క:
బరువు గురించి నాకు చెప్పకండి. ఒకప్పుడు నేనూ అలాంటి బరువైన పాత పెట్టెనే కొన్నాను. ఎనిమిదవ నెలలో కుడి చానలు మాయమైంది; మూత మీద అరచేత్తో తడితే తిరిగి వచ్చేది, సినిమా మధ్యలో మళ్ళీ పోయేది. రిలే, అంటే స్పీకరును కలిపే లోపలి స్విచ్చు, అరిగిందన్నారు, మార్చారు. తరువాత కెపాసిటర్లు వేడికి ఎండిపోయాయన్నారు. మొదటిసారి కొనే మనిషికి ఈ బాధను అంటగట్టడం మీకు సరదాగా ఉందేమో!

పాతరేడియో:
సరదా కాదండీ, అనుభవం. నా కొత్త రిసీవరు వారంటీ ముగిసిన మూడవ నెలలో హెచ్‌డీఎంఐ బోర్డు చచ్చిపోయింది. ఆ బోర్డు ఇక రాదు, కొత్తది కొనుక్కోండి అన్నారు. లోపలి ఆంప్లిఫయరు నేటికీ బంగారంలా ఉంది, కాని దానికి శబ్దం అందించే దారి లేక మూలన కూర్చుంది. మీ రిలేను మార్చగలిగారు. నా బోర్డును ఎవరూ మార్చలేదు.

ఓములెక్క:
ఇప్పటికి అసలు మాట బయటపడింది. మనం ఇంతసేపూ వాట్ల గురించి పోట్లాడుకోలేదు. రిసీవరు ఇరవై ఏళ్ళు బాగుచేసుకుంటూ వాడవలసిన ఆంప్లిఫయరని మీ అభిప్రాయం. దాని సగభాగం కంప్యూటరేనని, ప్రమాణాలు మారినప్పుడల్లా అది పాతబడక తప్పదని, కనుక తక్కువ ఖర్చుతో కొని, డబ్బును స్పీకర్ల మీద పెట్టాలని నాది. ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, ఈఆర్క్ 2017లో 2.1తో వచ్చింది, అవే స్పీకర్లు రెండు కాలాల్లోనూ పలికాయి.

పాతరేడియో:
స్పీకర్ల విషయంలో నాకు పేచీ లేదు. పాడైన బోర్డు కోసం మంచి ట్రాన్స్‌ఫార్మరును పారేయమనడం మాత్రం నాకు మింగుడు పడదు.

కొత్తశ్రోత:
ఇద్దరికీ ధన్యవాదాలు. పాతదాని అమ్మకందారును అడిగితే క్రమాంకనపు మైకు పోయిందన్నారు. పైగా మా అర ఎత్తు 20 సెంటీమీటర్లు, ఆ రిసీవరు ఎత్తు 18.

ఓములెక్క:
పైన రెండు సెంటీమీటర్ల గాలితో అంత పెట్టెను ఉడికించకండి. కొత్తదానికి కూడా చోటు కొలిచి చూసుకోండి.

పాతరేడియో:
అర పై పలకను నాలుగు మరలు విప్పి తీసేయవచ్చు.