కొత్త ఇల్లు, పూల్, మొదటి చలికాలం: పైపులు పగలకుండా ఏం చేయాలి?

అందరికీ నమస్కారమండీ. మేం ఈ మధ్య కొన్న ఇంటి వెనకాల స్విమ్మింగ్ పూల్ ఉంది. ఇక్కడ మాకిదే మొదటి చలికాలం. నీళ్లు గడ్డకడితే పూల్ పైపులు పగిలిపోతాయని పక్కింటాయన అన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. నీళ్లన్నీ తోడేస్తే సరిపోతుందా? లేక పంపు ఆన్ చేసి వదిలేయాలా? ఆ వాల్వుల సంగతి నాకు అసలు తెలియదు. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

*

నీళ్లన్నీ తోడించే పని మాత్రం పెట్టుకోకండి. పూల్‌లో ఉన్న నీళ్ల బరువే తొట్టిని నేలకి అదిమిపెట్టి ఉంచుతుంది. భూమిలో తేమ ఎక్కువున్నప్పుడు ఖాళీ చేస్తే, కింది నీటి ఒత్తిడికి తొట్టి పగలొచ్చు, పైకి లేచిపోనూ వచ్చు. ఫైబర్‌గ్లాస్ పూల్ అయితే మరీ ప్రమాదం.

పూల్ మీద మంచు పొర కనపడగానే కంగారు పడక్కర్లేదు. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. ఆ నీరు అడుగుకి చేరుతుంది, గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది. అందుకని అడుగున నీళ్లు పీల్చుకునే మెయిన్ డ్రెయిన్ చాలావరకు క్షేమమే. దెబ్బతినేది బయట గాలికి నిలబడి ఉన్న సామాను: పంపు, ఫిల్టర్, హీటర్, వాటిని కలిపే పీవీసీ పైపులు. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పైపులో ఒకచోట మంచు అడ్డం పడితే, దానికీ మూసిన వాల్వుకీ మధ్య చిక్కుకున్న నీళ్లకి పోయే దారి ఉండదు. ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. పగులు మంచు కట్టినచోటే కనపడాలని లేదు.

కాబట్టి దారులు రెండే. నీళ్లు కదులుతూ ఉండాలి, లేదా పైపుల్లో నీళ్లే ఉండకూడదు. పంపు ఆపేసి, నీళ్లు తీయకుండా వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది. మీ ఊళ్లో చలి అప్పుడప్పుడు విరుచుకుపడి రెండు మూడు రోజుల్లో పోయేదైతే మొదటి దారి చాలు. నెలల తరబడి సున్నాకి కిందే ఉండేదైతే పూల్‌ని పద్ధతిగా మూసేయాల్సిందే.

ముందు మొదటి దారి చెప్తాను. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకి, అంటే 32 ఫారన్‌హీట్‌కి దిగుతుందని తెలిసిన రాత్రి పంపు ఆగకుండా తిరగాలి. మీ దగ్గర పంపుని దానంతటదే నడిపే ఆటోమేషన్ పెట్టె ఉంటే అందులో ఫ్రీజ్ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్ ఉండొచ్చు. బయట చలి 35 నుంచి 38 ఫారన్‌హీట్ దాకా దిగగానే అది పంపుని దానంతటదే ఆన్ చేస్తుంది. ఉందో లేదో, ఆన్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, చలి వచ్చాక కాదు.

పంపు తిరుగుతోంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. నీళ్లు పారని లైను ఒక్కటి మిగిలినా అది గడ్డకడుతుంది. స్పా (పూల్ పక్కన ఉండే వేడినీళ్ల తొట్టి), జలపాతం, విడిగా బూస్టర్ పంపుతో నడిచే క్లీనర్ లైను, ఇలాంటివి చాలామంది మర్చిపోతారు. పైపులు మూడు కలిసేచోట ఉండే వాల్వు దగ్గరికి వెళ్లి హ్యాండిల్‌ని చూడండి. చాలావాటి మీద ఒక కొసన ఆఫ్ అని అచ్చుగుద్ది ఉంటుంది. ఆ కొస ఏ పైపు మీదుంటే ఆ పైపు మూసి ఉన్నట్టు. రెండువైపులకీ నీళ్లు పోయేలా దాన్ని మధ్యలో పెట్టండి. స్కిమ్మర్ అంటే పూల్ గోడలో పైభాగాన నీళ్లు లోపలికి పీల్చుకునే నోరు. దాంట్లో ఆకులు, మంచు పేరుకుని నీళ్లు అందకపోతే పంపు గాలి పీలుస్తుంది, కాబట్టి రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసి రండి.

ఇంకోటి, ఫోన్‌లో కనపడే విండ్ చిల్ (గాలి వల్ల ఒంటికి తెలిసే చలి) అంకె చూసి భయపడొద్దు. గాలి వీస్తే పైపు తొందరగా చల్లబడుతుంది తప్ప, అసలు ఉష్ణోగ్రత కంటే కిందికి దిగదు.

*

పై అన్నగారు చెప్పినవన్నీ నిజమే. మాది పొడవాటి చలికాలం కాబట్టి పూల్ మూసే సంగతి నేను చెప్తాను.

నీటి మట్టం స్కిమ్మర్, రిటర్న్ (నీళ్లు తిరిగి పూల్‌లోకి వచ్చే) రంధ్రాల కిందికి దించి, ఒక్కో లైనులోకి గాలి ఊది నీళ్లు బయటికి తోయాలి. రిటర్న్ లోంచి చివరికి నీళ్లు రాకుండా గాలి మాత్రమే వస్తున్నప్పుడు రబ్బరు ప్లగ్గు బిగించాలి. మెయిన్ డ్రెయిన్‌లో ఊదినప్పుడు పూల్ అడుగు నుంచి బుడగలు పైకొస్తాయి. అవి వస్తుండగానే వాల్వు మూసేస్తే గాలి లోపలే చిక్కుకుని నీళ్లని వెనక్కి రానివ్వదు. దీనికి గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ ఉండే బ్లోయర్ కావాలి. పెద్ద ఒత్తిడి కంప్రెసర్ వాడితే ప్లగ్గులు తుపాకీ గుండులా ఎగిరొస్తాయి. ఫిల్టర్ ట్యాంకులోకి గాలి ఎక్కించొద్దు, ఒత్తిడికి దాని మూత ఎగిరి మనుషులకి ప్రాణాపాయమే కావచ్చు. మొదటి ఏడాదికి డబ్బులిచ్చి పని తెలిసినవాళ్లతో చేయించుకుని, పక్కన నిలబడి చూసి నేర్చుకోమనే నా సలహా.

యాంటీఫ్రీజ్, అంటే గడ్డకట్టకుండా పైపుల్లో పోసే ద్రవం, దాని విషయం చాలామందికి తెలియదు. కారులో పోసేది ఇథిలీన్ గ్లైకాల్, విషం. పూల్ పైపులకి ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసినదే పోయాలి. డబ్బా మీద మైనస్ యాభై (ఫారన్‌హీట్) అని ఉంటే అది సాధారణంగా పైపు పగలకుండా ఆగే హద్దు. అంతకంటే చాలా ముందే అది ముద్దలా తయారవుతుంది. పైగా పైపులో నీళ్లు మిగిలి ఉంటే పలచబడిపోతుంది. అందుకని ముందు ఊదాలి, ఆ తర్వాతే యాంటీఫ్రీజ్. స్కిమ్మర్‌లో మాత్రం కొంచెం గులకరాళ్లు వేసి మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ సీసా నిలబెట్టండి. మంచు ఉబ్బినప్పుడు సీసా నలిగిపోయి స్కిమ్మర్ మిగులుతుంది.

*

థాంక్యూ అన్నా, థాంక్యూ అండీ. మాకు చలి వచ్చి పోయే రకమే, పంపు దారే నయమనిపిస్తోంది. కానీ ఆ రాత్రే కరెంటు పోతే?

*

అడగాల్సిన ప్రశ్న అదే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో అదే జరిగింది. లక్షల ఇళ్లకి గంటలు, రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే ఎంత ఖరీదైన ఫ్రీజ్ ప్రొటెక్షన్ అయినా పనిచేయదు.

కరెంటు పోయి, కాసేపట్లో రాదనిపిస్తే వెంటనే పంపు బ్రేకర్ ఆపేయండి. మనం ప్లగ్గులు తీసి ఉన్నప్పుడు కరెంటు వచ్చి పంపు ఉత్తినే తిరిగితే కాలిపోతుంది. హీటర్‌కి గ్యాస్ కూడా కట్టేయండి. తర్వాత ఫిల్టర్ పైనుండే గాలి వాల్వు తెరవండి, పంపు మూత తీయండి. పంపు కింద సాధారణంగా రెండు డ్రెయిన్ ప్లగ్గులుంటాయి, ఒకటి తీసి ఊరుకోవద్దు. ఫిల్టర్ అడుగుది, హీటర్‌వి కూడా తీయాలి. హీటర్‌లో రాగి గొట్టాలు పగిలితే ఖర్చు మామూలుగా ఉండదు. తీసిన ప్లగ్గులన్నీ పంపు బుట్టలోనే పడేయండి, మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

ఒక మెలిక ఉంది. మీ సామాను పూల్ నీటి మట్టం కంటే దిగువన ఉంటే, ప్లగ్గు తీయగానే పూల్ నీళ్లు అటే వచ్చేస్తాయి. అలాంటిచోట పూల్ వైపు వాల్వులు ముందు మూయాలి. మీది ఏ రకమో ఒక ఎండ పూట చూసుకుని, ప్లగ్గులు చేత్తో తిరుగుతున్నాయో లేదో కూడా చూడండి. బిగుసుకుపోయిన ప్లగ్గుతో చీకట్లో, చలిలో కుస్తీ పట్టడం కష్టం.

ఈలోపే పంపులో మంచు కట్టేసి ఉంటే కరెంటు వచ్చినా ఆన్ చేయొద్దు. నిప్పు పెట్టడం, మరిగే నీళ్లు పోయడం అసలు వద్దు. గోరువెచ్చని నీళ్లు పోయొచ్చు, లేదా దానంతటదే కరిగేదాకా ఆగండి. కరిగాక ప్లగ్గులన్నీ పెట్టి, పంపులో నీళ్లు నింపి, ఆన్ చేసి జాయింట్ల దగ్గర పొడి గుడ్డతో తుడుస్తూ చూడండి. సన్నగా చెమ్మ మళ్లీ వస్తోందంటే అక్కడ పగులున్నట్టే. ఆపేసి ఆ ముక్క మార్పించుకోండి.