కందుకూరు డాక్టరు మామ వేసిన బొమ్మలు ఏం చేయాలి?

వేదాయపాళెం కుర్రాడు:
మా మేనమామ కందుకూరులో జనరల్ ప్రాక్టీసు చేసేవాడు, పోయినేడాది కాలం చేశాడు. పగలంతా ఓపీ, రాత్రి అన్నం తిన్నాక నీటి రంగులు. ఇతరుల బొమ్మలు నచ్చితే బేరమాడకుండా కొనేవాడు. డ్రాయింగ్ మాస్టార్లు వేసినవి, ఉదయగిరి చెక్క గరిటెలు, ఇల్లంతా అవే. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయాలి. కొన్నవి పంచుకుందాం, ఆయన వేసినవి ఎవరికి కావాలి అంటున్నారు ఇంట్లో. నాకు మనసొప్పడం లేదు. ఒకదాంట్లో చలిజ్వరమొచ్చిన రైతు బెంచీ మీద దుప్పటి కప్పుకొని కూర్చున్నాడు, దుప్పట్లోంచి చెయ్యి ఒక్కటే బయటికుంది, ఆ వేళ్ళ మధ్య టోకెన్. ఇట్లాంటివి ఎట్లా పారేస్తాం? ఇలా బొమ్మలేసి, కొని దాచిన డాక్టర్లు ఇంకెవరైనా ఉన్నారా?

ఒంగోలు డ్రాయింగ్ మాస్టారు:
ఉన్నారు బాబూ. ఫ్రాన్సులో డాక్టర్ పాల్ గాషే. 1828లో పుట్టాడు, మనోవ్యాధి మీద 1858లో థీసిస్ రాశాడు. ప్రాక్టీసు పారిస్‌లో, 1872లో ఓవేర్ అనే పల్లెలో ఇల్లు కొన్నాడు. పిస్సారో, సెజాన్ అనే చిత్రకారులను జనం ఎగతాళి చేసే రోజుల్లోనే వాళ్ళ బొమ్మలు తీసుకున్నాడు. 1874లో ఇంప్రెషనిస్టులనే ఆ కొత్త తరహా చిత్రకారుల మొదటి ప్రదర్శనకు సెజాన్ 'మోడర్న్ ఒలింపియా' వెళ్ళింది ఈయన దగ్గర్నుంచే. తనూ వేసేవాడు, వాన్ రిసెల్ అని వేరే పేరుతో సంతకం. ఇంట్లో ఎచింగ్ ప్రెస్సు, అంటే లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు దింపి బొమ్మ అచ్చు తీసే యంత్రం ఉండేది, చిత్రకారుడు వాన్ గో జీవితం మొత్తంలో చేసిన ఒకే ఒక్క ఎచింగ్ దాని మీదే అచ్చయింది. అది కూడా ఈ డాక్టరు ముఖమే, నోట్లో పైపుతో. వాన్ గో ఈయన వైద్యంలో ఉండటానికి 1890 మేలో ఓవేర్ వచ్చాడు, జూలై 29న పోయాడు. గాషే సరిగా చూళ్ళేదని నిందించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అప్పటి వైద్యంతో అంతకుమించి ఏం చేయగలిగేవాడో నాకైతే తోచదు. పోయిన మనిషి ముఖాన్ని బొగ్గుతో గీసి పెట్టిందీ ఆయనే.

ఇక మీ విషయం. గాషే 1909లో పోయాక పిల్లలు ఆ సేకరణను ఏళ్ళ తరబడి కాపాడారు, 1949 నుంచి 1954 మధ్య చాలా భాగం ప్రభుత్వానికిచ్చారు. వాన్ గో వేసిన డాక్టరు ముఖచిత్రాల్లో ఒకటి ఇప్పుడు పారిస్‌లోని ఆర్సే మ్యూజియంలో ఉంది. ఇంకోటి 1990 వేలంలో 8.25 కోట్ల డాలర్లు పలికింది. కానీ తండ్రీ కొడుకులు సెజాన్‌వీ వాన్ గోవీ కాపీలు కూడా వేసేవాళ్ళు కాబట్టి, ఏది అసలు ఏది కాపీ అని దశాబ్దాలు గొడవ నడిచింది. 1999లో అసలూ కాపీ పక్కపక్కన పెట్టి ప్రదర్శన చేయాల్సొచ్చింది. అందుకే చెప్తున్నా, పంచుకునే ముందే ప్రతి బొమ్మకీ ముందూ వెనకా ఫోటో తీయండి, ఎవరు వేశారు, ఎక్కడ కొన్నారు రాసి పెట్టండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు, నీటి రంగుల కాగితం పాడవుతుంది. సెల్లోటేప్ అసలే వద్దు.

పొగతోట డాక్టరమ్మ:
మాస్టారు చెప్పింది నిజం. ఒక మాట కలుపుతా. ఓపీ చీటీల వెనక గీసినవి ఉంటే జాగ్రత్త, ముందువైపు పేషెంటు పేరూ జబ్బూ ఉంటాయి. బొమ్మ చూపించండి, చీటీ చూపించకండి. పేషెంట్లు నమ్మి చెప్పుకుంటే ఆయన రాసుకున్నవి అవి. ఇంకా, సముద్రం దగ్గర ఊర్లలో తేమ ఎక్కువ, గోడకి ఆనించి పెడితే చెద పడుతుంది. బీరువా నేలకి ఎత్తుగా ఉండాలి.

వేదాయపాళెం కుర్రాడు:
అత్తయ్యకి ఫోన్లో చదివి వినిపించానండి. బొమ్మల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఆమెకి తెలుసంట, ఏ ఊరు, ఎవరి తాలూకు అన్నీ చెప్తానంది. ఆదివారం పోయి రాసుకుంటా. మాస్టారూ, వివరాలు కాగితం వెనకే రాయొచ్చా?

ఒంగోలు డ్రాయింగ్ మాస్టారు:
వద్దు, పెన్ను ఇంకు ముందుకి దిగుతుంది, పెన్సిల్ నొక్కితే గీత పడుతుంది. విడిగా ఒక నోట్‌బుక్కులో నంబర్లేసి రాయండి, అదే నంబరు పెన్సిల్‌తో మెల్లగా వెనక మూల వేయండి చాలు. ఆ రైతు బొమ్మ ఫోటో వీలైతే ఇక్కడ పెట్టండి, చూడాలనుంది.