అప్‌డేట్: మైపాడు నుంచి కోడూరు దాకా ఒడ్డు వెంటే నడిచాం

నెల్లూరు జిల్లాలో మైపాడు నుంచి కోడూరు బీచ్‌కి తీరం వెంబడి నడవొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

తెల్లవారకముందే బయల్దేరమన్న మాట బంగారం. ఆటు సమయంలో నీళ్లంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది, నడక సుఖం. కాస్త పైకి జరిగితే మడమలు దిగబడి పిక్కలు పట్టేస్తాయి. ఎండెక్కాక సరుగుడు తోటలే దిక్కు.

దారిలో ఒక పాలెం దగ్గర అలివి వల లాగుతున్నారు. రెండు తాళ్లు, రెండు వరసల జనం, అందరూ ఒకేసారి వెనక్కి అడుగేస్తూ. వరసలు మెల్లమెల్లగా దగ్గరై, చివరికి వల సంచి ఒడ్డుకొచ్చింది. లోపల కాసిని కవళ్లు (చిన్న చేపలు), రెండు పీతలు. "ఇంత లాగితే ఇంతేనా అన్నా?" అంటే, "నిన్న ఇదీ లేదబ్బయా" అన్నాడు పెద్దాయన, తాడు చుట్టుకుంటూనే.

మర బోట్లు వేటకెళ్లడం చూడాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వద్దు, నిషేధం. జనవరి, మార్చి మధ్య ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, చీకట్లో టార్చి కొట్టకండి.

మైపాడు నుంచి ఉత్తరాన రామతీర్థం బీచ్ వైపు నడవొచ్చా అని అడిగినవాళ్లకి: మధ్యలో పెన్న సముద్రంలో కలుస్తుంది, రోడ్డున చుట్టి రావాల్సిందే.