పాల్ క్లే తరహా నీటిరంగులు: గళ్లలో రంగు బురదగా ఎందుకు మారుతుంది?

కుంచెపుల్ల:
1914 ఏప్రిల్‌లో చిత్రకారుడు క్లే ట్యునీసియాలో వేసిన బొమ్మల తరహాలో, ఊరి దృశ్యాన్ని గళ్లుగా విడగొట్టి వేస్తుంటే రెండో పూత పడగానే మట్టిరంగుకి తిరుగుతోంది. లోపం కాగితానిదా, రంగులదా?

తడిపొడి:
ముందు ఆరిందో లేదో చూడండి. వేలి వెనుక భాగం ఆనిస్తే చల్లగా తగిలిందా, లోపల ఇంకా తడే. అప్పుడు కుంచె పెడితే కింది పూత లేచొచ్చేస్తుంది. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపాటి కాగితమైతే పూతకీ పూతకీ మధ్య పావుగంటైనా ఆగాలి. గళ్ల మధ్య ఒక మిల్లీమీటరు తెల్లగా వదిలితే ఒకదాంట్లోకి ఒకటి పాకదు.

రంగులగూడు:
ఆరాక వేసినా బురదేనంటే ట్యూబు లేబులు చదవండి. మూడు పిగ్మెంట్లు (రంగునిచ్చే పొడులు) కలిపింది పక్కన పెట్టేయండి. కాడ్మియం రంగులు కింది పూతని కప్పేస్తాయి, పైపూతకి వద్దు. అయినా ఎరుపు మీద ఆకుపచ్చ వేస్తే గోధుమరంగు రాక ఏమొస్తుంది? అవి పక్కపక్కన ఉండాలి, ఒకదాని మీద ఒకటి కాదు. క్లే 1912లో పారిస్‌లో ఫ్రెంచ్ చిత్రకారుడు డెలోనేని కలిశాడు, కాంతి మీద ఆయన వ్యాసాన్ని జర్మన్‌లోకి తెచ్చాడు. పక్కపక్క రంగుల ఈ పట్టు చాలావరకు అక్కడిదే.

తడిపొడి:
ఇంకోటి. గళ్లన్నీ ఒకే కొలతలో గీస్తే బాత్‌రూం టైల్స్ అయిపోతాయి! ట్యునీసియాలోని ఖైరువాన్ ఊరి మీద క్లే వేసిన బొమ్మల్లో చూడండి, గుమ్మటం ఒక చిన్న వంపు, ఒంటె నాలుగు గీతలు. అవి పూర్తిగా ఆరాక, సన్న కుంచెతో చివర్లో.