సేంద్రియ సింగిల్ మాల్ట్‌లో బార్లీ పండిన నేల రుచి నిజంగా తెలుస్తుందా?

ప్రశ్న

ఐర్లాండ్‌లోని వాటర్‌ఫర్డ్ డిస్టిలరీ 2020లో తెచ్చిన ‘గైయా’ అనే సేంద్రియ సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే చేసే విస్కీ) గురించి చదివినప్పటి నుంచి ఒక సందేహం వదలడం లేదు. పండిన నేలను బట్టి వైన్ రుచి మారుతుందంటే నమ్మగలను. కానీ బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, పులియబెట్టి, రాగి బట్టీల్లో కాచి, ఆపైన ఏళ్ల తరబడి ఓక్ చెక్క పీపాల్లో ఉంచిన తరువాత కూడా పొలం జాడ మిగులుతుందా? సేంద్రియ సాగు వల్ల రుచి మారుతుందా, లేక అది సాగు పద్ధతికి ఇచ్చే ధ్రువీకరణ మాత్రమేనా?

మొదటి సమాధానం

మిగులుతుందనడానికి ఆధారం ఉంది. ఒలింపస్, లారియేట్ అనే రెండు బార్లీ రకాలను 2017, 2018 సంవత్సరాల్లో ఐర్లాండ్‌లోని అథై, బన్‌క్లోడీ ప్రాంతాల్లో పండించి, ఒకే పద్ధతిలో మాల్ట్ చేసి (మొలకెత్తించి, ఆరబెట్టి), చిన్న మోతాదుల్లో కాచి, వచ్చిన స్పిరిట్‌ను పరిశీలించిన అధ్యయనం 2021లో ‘ఫుడ్స్’ పత్రికలో వెలువడింది. సున్నపురాతి నేల ఉండి, సముద్రానికి దూరంగా, వెచ్చగా ఉండే అథై బార్లీ నుంచి వేయించిన బాదం, ధాన్యం వాసనలు ఎక్కువగా వచ్చాయి. సముద్రానికి దగ్గరగా ఉండి, వాన ఎక్కువగా పడే బన్‌క్లోడీ బార్లీ నుంచి పూలు, తాజా పండ్ల వాసనలు వచ్చాయి. అలాగని మట్టిలోని ఖనిజాలే బట్టీ దాటి సీసాలోకి వస్తాయని అనుకోకూడదు. నేల, వాన, ఎండ గింజలోని మాంసకృత్తులను, కొవ్వులను మారుస్తాయి. పులిసేటప్పుడు ఆ తేడాలే వాసననిచ్చే పదార్థాల్లోకి చేరతాయి.

రెండవ సమాధానం

పై మిత్రులు చెప్పిన అధ్యయనం పీపాలోకి చేరని, రంగులేని స్పిరిట్‌పై జరిగిందని మరువకూడదు. ఓక్ తెచ్చే వనిల్లా, మసాలా వాసనల మధ్య ఆ తేడా ఎంత నిలుస్తుందనేది వేరే ప్రశ్న. అయినా నా దృష్టిలో అసలు చిక్కు మీ రెండవ సందేహంలోనే ఉంది. సేంద్రియ ధ్రువీకరణ రసాయన ఎరువులు, కృత్రిమ పురుగుమందులు వాడలేదని చెబుతుందే గాని, గింజ ఎక్కడిదో చెప్పదు. గైయా మొదటి విడుదల కూడా ఒకే పొలానిది కాదు, పలు సేంద్రియ పొలాల బార్లీతో చేసిన స్పిరిట్‌ల కలయిక. నేల ప్రభావం తెలుసుకోవాలంటే అదే సంస్థ ఒక్కొక్క రైతు పంటను విడిగా నిల్వ చేసి, విడిగా కాచిన ‘సింగిల్ ఫార్మ్ ఆరిజిన్’ సీసాలను రెండింటిని పక్కపక్కన పెట్టి రుచి చూడడం మేలు. ఇంత శ్రద్ధ పెట్టిన ఆ డిస్టిలరీ 2024 నవంబరులో, అప్పుల వసూలు కోసం నియమించే రిసీవర్ల చేతిలోకి వెళ్లడం నిజంగా బాధాకరం.

మూడవ సమాధానం

మన దేశం సంగతి కూడా ఆలోచించదగినది. బెంగళూరులోని అమృత్, గోవాలోని పాల్ జాన్ సంస్థలు వాడే భారతీయ బార్లీ ప్రధానంగా ఆరు వరుసల రకం, అంటే కంకిలో గింజలు ఆరు వరుసల్లో ఉండేది. స్కాట్లాండ్‌లో వాడేది రెండు వరుసలది. ఆరు వరుసల గింజలో సాధారణంగా మాంసకృత్తులు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ. అందువల్ల గింజ నుంచి వచ్చే మద్యం తగ్గినా రుచికి మూలమే వేరవుతుంది. అయితే స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైతే, బెంగళూరు వేడికి 10 శాతానికి పైగా పోతుంది. ఓక్ ప్రభావం కూడా అంత త్వరగా ఎక్కుతుంది కాబట్టి, ఇక్కడ నేల రుచిని సీసాలో వెతకడం ఇంకా కష్టం. రాజస్థాన్ పంటను, పంజాబ్ పంటను కలపకుండా విడివిడిగా కాచి, పీపాలో పోయకముందే రుచి చూసే ఏర్పాటు ఏ డిస్టిలరీ అయినా చేస్తే, మీ ప్రశ్నకు మన నేల నుంచే జవాబు దొరుకుతుంది.