డెవిల్స్ లేక్‌లో క్యాంపింగ్: పది కుటుంబాలు కలిసి వెళ్ళొచ్చా, విడివిడిగా వెళ్ళడమే మేలా?

కొత్తకాపు: మేం చికాగో దగ్గర ఉంటాం. విస్కాన్సిన్‌లోని డెవిల్స్ లేక్ స్టేట్ పార్కులో రెండు రాత్రులు టెంట్లు వేసుకుందామని మా గ్రూపులో పది కుటుంబాలు సిద్ధమయ్యాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఉన్నారు. ఇంతమంది ఒకేసారి వెళ్ళొచ్చా? లేక రెండు మూడు కుటుంబాలుగా వెళ్తే మంచిదా? చూసొచ్చినవాళ్ళు చెప్పండి.

రాళ్ళబాట: పది కుటుంబాలా! వద్దండీ. అక్కడ టెంట్లు వేసుకునే సైట్ల బుకింగ్ 11 నెలల ముందే మొదలవుతుంది, వేసవి వారాంతాలు చూస్తుండగానే అయిపోతాయి. క్వార్ట్‌జైట్, నార్తర్న్ లైట్స్, ఐస్ ఏజ్ అని మూడు క్యాంప్‌గ్రౌండ్లు. ఇప్పుడు దొరికినా ఒకదాంట్లో మీ టెంటు, ఇంకోదాంట్లో మీ గిన్నెలు. సైటుకి ఒక కుటుంబం, కుటుంబం కాకపోతే ఆరుగురు, అంతే. రాత్రి 11 దాటితే చప్పుడు ఉండకూడదు. మనవాళ్ళు పది కుటుంబాలు చేరితే 11కి వడ్డన మొదలవుతుంది!

ఇంకో మాట. ఆ చోటు చూడాలంటే నడవాలి. తూర్పు వైపు బ్యాలెన్స్‌డ్ రాక్ దారి పట్టండి. నిటారుగా, రాతిమెట్లతో, చేతులు కూడా ఆనించాల్సి వస్తుంది. పైకెళ్తే సుమారు 500 అడుగుల కింద చెరువు మొత్తం కనపడుతుంది. 1930లలో ఉద్యోగాల్లేని కుర్రాళ్ళకి ప్రభుత్వం పనిచ్చి అక్కడి బాటలు కొన్ని వేయించింది, ఆ పథకం పేరు సివిలియన్ కన్జర్వేషన్ కోర్, సీసీసీ ట్రెయిల్ అన్న పేరు అందుకే. పిల్లల్ని తోసుకెళ్ళే స్ట్రోలర్లు, కూలర్లు, స్పీకర్లు వేసుకుని వెళ్ళే చోటు కాదది.

బిర్యానీ_బ్యాచ్: స్ట్రోలర్ ఉన్నవాళ్ళు అడవికి రాకూడదా అన్నా? గ్రూప్ క్యాంప్ సైట్లు విడిగా ఉన్నాయి, అది చెప్పలేదేం? పదిమంది ఉంటేనే పిల్లలకి సరదా. కొత్తకాపు గారూ, హాయిగా వెళ్ళండి. గ్రిల్లు, పెద్ద హండీ పట్టుకెళ్ళండి. కట్టెలు ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడ కట్ట రేటు చూస్తే కడుపు మండుతుంది.

మాడిసన్‌వాడు: కట్టెలు ఇంటి నుంచి తేవద్దు! పార్కుకి 10 మైళ్ళ లోపు దొరికినవి గానీ, రాష్ట్రం సర్టిఫై చేసిన ముద్ర ఉన్నవి గానీ అయితేనే లోపలికి రానిస్తారు.

బిర్యానీ_బ్యాచ్: మా గరాజ్‌లో ఎండిన కట్టెలు బ్రదర్. బంగారంలా మండుతాయి. వాటిలో ఏముంటుంది?

మాడిసన్‌వాడు: ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు ఉంటుంది. 2002లో మిచిగాన్‌లో బయటపడింది, 2008కి విస్కాన్సిన్ చేరింది. దాని పిల్లపురుగులు బెరడు కిందే ఉండి, చెట్టుకి ఆహారం పారే పొరని తినేస్తాయి. పైకి చూస్తే మామూలు కట్టే. పురుగు తనంతట తాను ఎగిరే దూరం తక్కువ, మన కార్ల డిక్కీల్లో కూర్చుని వెళ్ళే దూరమే ఎక్కువ. ఈ దేశంలో కోట్ల యాష్ చెట్లు అలాగే పోయాయి.

బిర్యానీ_బ్యాచ్: మాది యాష్ కాదు, ఓక్.

మాడిసన్‌వాడు: ఓక్‌కి ఓక్ జబ్బు ఉంది. అయినా రూల్ చెట్టు పేరు చూడదు.

చలిపులి: ఆయన అడిగింది కుటుంబాల గురించి, మీరు కట్టెలు పట్టుకున్నారు. పెద్దవాళ్ళకి పడమటి ఒడ్డున టంబుల్డ్ రాక్స్ బాట బాగుంటుంది. ఎత్తు పెద్దగా ఉండదు, ఇటు కొండ మీంచి దొర్లిన బండలు, అటు నీళ్ళు. మా అత్తగారు మధ్యలో కూర్చుంటూ నడిచేశారు. ఉత్తరపు ఒడ్డు దగ్గర ఆదివాసులు వందల ఏళ్ళ కిందట జంతువుల ఆకారంలో పోసిన మట్టిదిబ్బలున్నాయి, వాటిమీద పిల్లల్ని ఎక్కనివ్వకండి. తినేవి మాత్రం రాత్రి కార్లో పెట్టి తాళం వెయ్యండి. రకూన్ మా కూలర్ మూత రెండు చేతులతో తీసి, పెరుగు వదిలేసి పులిహోర తీసుకెళ్ళింది.

రాళ్ళబాట: కట్టెల దగ్గరే తెలుస్తోంది కదా. రూల్ చెబితే "ఏమవుతుంది" అంటారు. ఒక్కరైతే పర్లేదు, పదిమంది చేరితే ఎవరిదీ పూచీ కాదు. రెండేళ్ళ కిందట వేరే పార్కులో చూశాను. అర్ధరాత్రి దాకా పాటలు. తగ్గించమంటే "ఒక్క పాట" అన్నారు. పార్కు రేంజర్ వచ్చి జరిమానా టికెట్ రాశాడు. సైటు నా పేరు మీద ఉంది కాబట్టి నాకే రాశాడు.

బిర్యానీ_బ్యాచ్: ఓహో, మీరా! ఇందాకటి నుంచీ ఈ మాట తీరు ఎక్కడో విన్నాననుకుంటున్నా. ఆ టికెట్ కథ ఇంకా మోస్తున్నారా? మీకు డబ్బులు కావాలంటే అప్పుడే అడగాల్సింది.

రాళ్ళబాట: డబ్బు కాదండీ. పొద్దున్న అందరూ టీ తాగుతూ దాని గురించే నవ్వుకున్నారు. "ఎంతయింది, మేమూ వేసుకుంటాం" అని ఒక్కరూ అడగలేదు. సైట్లు వెతికింది నేను, బుక్ చేసింది నేను, క్యాన్సిల్ చేసుకున్న రెండు కుటుంబాల డబ్బు పోగొట్టుకుంది నేను.

బిర్యానీ_బ్యాచ్: సరే, మొత్తం చెప్పుకుందాం. మీరు తెల్లారకముందే బూట్లేసుకుని కొండెక్కారు, మధ్యాహ్నం అన్నం వేళకి దిగారు. అప్పటిదాకా మీ ఇద్దరు పిల్లల్ని చూసింది మా ఆవిడ. మా నాన్న "నేనూ కొంచెం దూరం వస్తా బాబూ" అంటే "అంకుల్, మీరు కూర్చోండి, మాకు లేటవుతుంది" అన్నారు. ఆయన ఏలూరు నుంచి వచ్చింది కుర్చీలో కూర్చుని మా టెంట్లు కాపలా కాయడానికా? రాత్రి పాట పెట్టమన్నది ఆయనే. అందుకే ఆపలేదు.

రాళ్ళబాట: ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. అయినా రూల్ రూలే.

అమ్మలు_నేపర్‌విల్: మీ ఇద్దరి మధ్యలో ఒక మాట. పిల్లల్ని చూసిన ఆవిడ చెరువు చూసిందా, లేదా?

బిర్యానీ_బ్యాచ్: కారు పార్క్ చేసిన చోటు నుంచి కనిపిస్తుంది కదండీ.

అమ్మలు_నేపర్‌విల్: అర్థమైంది.

మాడిసన్‌వాడు: వేరే రాష్ట్రం ప్లేటు ఉంటే వాహనం పాస్ రేటు ఎక్కువ, కార్లు తగ్గించుకోండి. కట్టెలు తేవద్దు.

కొత్తకాపు: అందరికీ థాంక్స్. ఈ థ్రెడ్ మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పది కుటుంబాలు ఆరయ్యాయి. వచ్చే ఏడాదికి గ్రూప్ సైట్ చూద్దామంటున్నారు, కానీ బుకింగ్ ఎవరి పేరు మీద అనేసరికి అందరూ బ్లూ టిక్కులే.