వాటర్ ట్యాంకు కింద పెద్ద తేనెపట్టు: తీయించాలా, వెళ్ళిపోయేదాకా ఆగాలా?

ఐదో అంతస్తు (ఫిబ్రవరి 9)

మాది హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. డిసెంబరు మొదట్లో వాటర్ ట్యాంకు స్లాబు అడుగున తేనెటీగలు వాలాయి. ఇప్పుడు పట్టు రెండు చేటలు పక్కపక్కన పెట్టినంత ఉంది. నిన్న అసోసియేషన్ మీటింగ్‌లో దీని మీద పెద్ద గొడవ. సగం మంది రాత్రిపూట మంట పెట్టించేద్దామన్నారు, ఒకాయన మనిషిని కూడా మాట్లాడేశారు. నేను అడ్డుపడి వారం గడువు అడిగాను. మా నాన్న అనేవారు, పెద్ద ఈగ ఒకచోట కాపురం ఉండదు, పూత ఉన్నన్నాళ్ళు ఉండి లేచిపోతుందని. ఆ మాట మీదే నిలబడ్డాను గానీ మీటింగ్‌లో ఇంకేం చెప్పాలో తోచలేదు. ఇవి నిజంగా వాటంతట అవే పోతాయా? అంతదాకా ఆగడం సరైన పనేనా? వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం.

మూడో వీధి (ఫిబ్రవరి 9)

తీయించేయండి. నా మాట కఠినంగా అనిపించవచ్చు, కానీ మా ఇంట్లో జరిగింది చెప్తాను. పోయిన సంక్రాంతికి ఎదురు బిల్డింగ్ మీద ఉన్న పట్టుకు గాలిపటం దారం కోసుకుంది. అమ్మ మేడ మీద వడియాలు తిరగేస్తోంది. చీర కొంగు తల మీద కప్పుకుని మెట్లు దిగేలోపు ముప్పై దాకా కుట్టాయి. ఊపిరి ఆడక ఆసుపత్రికి తీసుకెళ్ళాం, రెండు రోజులు ఐసీయూలో ఉంది. ఆ పట్టు కూడా ‘ఎలాగూ పోతాయిలే’ అని వదిలేసిందే. పోయే లోపు జరిగేదానికి ఎవరు జవాబు చెప్తారు?

కీటకాల మాస్టారు (ఫిబ్రవరి 9)

అమ్మా, మీ అమ్మగారు కోలుకున్నారనుకుంటాను. ఒకసారి అలా ఒళ్ళు తట్టుకోలేకపోయిన వాళ్ళు డాక్టరుతో మాట్లాడి, మళ్ళీ కుడితే ఏం చేయాలో ముందే తెలుసుకుని ఉండాలి. ఆ సంగతి పట్టు ఉన్నా లేకపోయినా వదలకండి.

నేను ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పాను. ఐదో అంతస్తు గారి నాన్నగారు చెప్పింది నిజమే. మనం కొండ తేనెటీగ, పెద్ద తేనెటీగ అనే దాని శాస్త్రీయనామం ఎపిస్ డార్సేటా. పుట్టల్లో, తొర్రల్లో ఉండే చిన్న ఈగలాగా దీన్ని పెట్టెలో పెట్టి పెంచలేం. ఒకే ఒక్క పెర, అంటే మైనపు గదుల పలక, కట్టి ఆరుబయట వేలాడదీస్తుంది. పూర్వం కొండ చరియలు, మర్రి, బూరుగు లాంటి పెద్ద చెట్లు ఉండేవి. ఇప్పుడు మన స్లాబులూ ట్యాంకులూ దానికి కొండ చరియల్లాగే కనిపిస్తున్నాయి.

ఇవి పూతను వెతుక్కుంటూ ఏటా వలస పోతాయి. వంద, రెండు వందల కిలోమీటర్ల దాకా పోతాయని పరిశోధకులు రాశారు. ఒక చోట కొన్ని నెలలుంటాయి. పూత తగ్గి, నీళ్ళు ఎండి, ఎండ ముదిరేసరికి రాణి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. ఉన్న పిల్ల పురుగులన్నీ ఈగలై బయటికి వస్తాయి, దాచిన తేనె అయిపోతుంది. చివరి రోజుల్లో ఈగలు పెర మీద ఒకే దిక్కు చూపిస్తూ చాలాసేపు నాట్యం చేస్తాయి. మామూలుగా ఆ నాట్యం ఎక్కడ పువ్వులున్నాయో చెప్పడానికి. ఇక్కడ మాత్రం అది ప్రయాణానికి పిలుపు. తర్వాత ఒక రోజు గుంపంతా లేచిపోతుంది.

హైదరాబాద్ లాంటి చోట చలికాలం మొదట్లో వచ్చినవి సాధారణంగా వేసవిలోనే ఖాళీ చేస్తాయి. తేదీ చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. వేప, కానుగ పూతలు ముగిసే రోజుల మీద కన్నేసి ఉంచండి.

ఐదో అంతస్తు (ఫిబ్రవరి 9)

మాస్టారూ, ఇంకో అనుమానం. పోయిన ఏడాది కూడా సరిగ్గా అదే మూల పట్టు పెట్టాయి. అవే వచ్చాయంటారా? వాచ్‌మన్ అవేనంటాడు. మా ఆవిడ, ఈగ బతికేదే నెలా రెండు నెలలు, అవే ఎలా అవుతాయి అంటుంది.

కీటకాల మాస్టారు (ఫిబ్రవరి 10)

ఇద్దరిదీ నిజమే, అందుకే ఇది నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు. అస్సాంలో పట్ల నుంచి ఈగలు తీసి జన్యు పరీక్షలు చేశారు, 2000లో నేచర్ పత్రికలో వచ్చింది. వలస వెళ్ళిన వాటిలో కొన్ని అదే రాణితో పాత చోటికే తిరిగొచ్చాయి. అన్నీ కాదు, కొన్ని. అంటే పెళ్ళికి పోయిన చుట్టం మళ్ళీ అదే గదిలో దిగినట్టు. కానీ రాణి మేతకు బయట తిరగదు, దారి దానికి తెలియదు. దారి తెలిసిన కూలి ఈగలు తిరుగు ప్రయాణం నాటికి బతికి ఉండవు. మరి దారి ఎవరు చూపించారు? దీనికి ఒప్పుకోదగ్గ జవాబు ఇంకా రాలేదు. పాత మైనపు వాసన పట్టి చోటు గుర్తిస్తాయని కొందరంటారు. వంద మైళ్ళ అవతలికి వాసన రాదు కాబట్టి అది చివరి మజిలీకే పనికొస్తుంది.

మూడో వీధి (ఫిబ్రవరి 10)

మీరు చెప్పినది ఆసక్తిగానే ఉంది మాస్టారూ. కానీ తిరిగి అదే చోటికి వస్తాయని మీరే అంటున్నారు కదా, అప్పుడు ఇది ఒక్క సీజన్ ఓర్పు కాదు. ప్రతి ఏడూ ఆరు నెలలు పిల్లల్ని మేడ మీదికి పంపకుండా బతకాలి.

నంద్యాల రైతు (ఫిబ్రవరి 10)

అక్కా, మీ అమ్మగారి బాధ అర్థమవుతుంది. మా వైపు నుంచి కూడా ఒక మాట వినండి.

నేను విత్తనాల కంపెనీకి పొద్దుతిరుగుడు వేస్తాను. మగ వరసలు, ఆడ వరసలు విడివిడిగా ఉంటాయి. మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకు చేరితేనే గింజ. ఈగ ఉన్న ఏడు పొద్దున తొమ్మిదికి చేలో నిలబడితే హోరు వినిపిస్తుంది. ఈగ రాని ఏడు కూలోళ్ళను పెట్టి, చేతికి మెత్తటి గుడ్డ చుట్టి, మగ పువ్వు మీద నిమిరి ఆడ పువ్వు మీద నిమరాలి. రోజు విడిచి రోజు, పూత అయ్యేదాకా. కూలి ఖర్చు పోగా మిగిలేది చూసుకుంటే ఏడుపొస్తుంది. అలా చేసినా ఈగ పట్టించినంత గింజ పట్టదు, పువ్వు నడిమధ్యన తాలు మిగిలిపోతుంది.

పట్నంలో మీరు కాల్చిన పట్టు మా చేలోకి వచ్చేదో కాదో నేను చెప్పలేను. కానీ మాస్టారు చెప్పినట్టు ఇది వంద కిలోమీటర్లు తిరిగే జీవి. మీ ట్యాంకు దాని దారిలో ఒక మజిలీ. మధ్యలో ఒక్కో మజిలీ దగ్గర ఒక్కో గుంపు కాలిపోతుంటే మా పూతకు చేరేది ఎంత? మా తప్పూ ఉంది, కాదనను. పూత మీద పొద్దున పూటే మందు కొట్టే వాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. సాయంత్రం కొట్టండిరా అని నేను పోట్లాడుతూనే ఉన్నాను.

తాడు మీద పని (ఫిబ్రవరి 11)

నేను బిల్డింగులకు తాడు మీద వేలాడి అద్దాలు తుడిచే పని చేస్తా. పట్లు తీసే వాళ్ళతో కూడా పోయిన. ఎవరూ చెప్పనిది చెప్తా. రాత్రి మంట పెడితే ఈగలన్నీ చావవు. చీకట్లో సగం వెలుతురున్న చోటికి వస్తయి. ట్యూబ్‌లైట్ వేసి ఉన్న బాల్కనీలోకి, కిటికీ తెరిచి పడుకున్న ఇంట్లోకి. పొద్దున పై అంతస్తుల వాళ్ళు చెప్పుల్లేకుండ నడిచి కుట్టించుకున్నరు, నేను చూసిన. మిగిలినవి రెండు మూడు రోజులు అదే మూల గుంపుగా తిరుగుతయి, అప్పుడు మామూలు కన్నా కోపంగా ఉంటయి. మందు కొట్టినా అంతే, పైగా ఆ తేనె తినొద్దని చెప్పినా కొందరు గిన్నెలు పట్టుకుని వస్తరు. అక్కా, నువ్వు తీయించమంటే నేను కాదన. కానీ తీయిస్తే పనోడు కావాలె, పొగ, పూర్తి డ్రెస్సు, బిల్డింగంతా లైట్లు బంద్. నాలుగు వేలకు వచ్చి కాగడా పెట్టేటోడు కాదు.

అమ్రాబాద్ అడవి (ఫిబ్రవరి 11)

మా నల్లమలలో చెంచులు తాడు కట్టుకుని కొండ అంచు నుంచి దిగి తేనె తీస్తారు. తాడు పట్టుకునేది బావమరిది అయి ఉండాలంటారు. అక్క ముత్తైదువతనం అతని చేతిలో ఉంటుంది గనక వదలడని. ఆకు పొగ పెట్టి ఈగను పక్కకు జరిపి, పెరలో తేనె ఉన్న పై మూల మాత్రం కోస్తారు. పిల్ల పురుగులున్న మిగతా భాగం వదిలేస్తే ఈగ మళ్ళీ కట్టుకుంటుంది. అంతా కోసి పిండేస్తే ఆ ఏడుకు సరి. తేనె, పిల్లలు కలిపి పిండిన తేనె నురగలొచ్చి త్వరగా పులుస్తుంది కూడా. పెద్దలు చేసే పద్ధతి అది, అందరూ పాటిస్తున్నారని చెప్పను. పోయిన వేసవిలో రోడ్డు పక్క మద్దిచెట్టు మీది పట్లన్నీ ఎవరో కాగడాలతో కాల్చి పిండుకుపోయారు. చెట్టు కింద రెక్కలు కాలిన ఈగలు చీమల్లా పాకుతున్నాయి, చెప్పు కింద పడకుండా నడవడానికి చోటు లేదు.

హోసకోట తెలుగువాడు (ఫిబ్రవరి 12)

మా దగ్గర, బెంగళూరు అవతల రామగోవిందపురంలో ఒక మర్రిచెట్టుంది. సీజన్‌లో వందల పట్లు ఒకే చెట్టుకు వేలాడతాయి. కింద నుంచే జనం నడుస్తారు, పశువులు పోతాయి. ఊరి వాళ్ళు ఆ చెట్టును ముట్టనివ్వరు. అన్ని పట్ల కింద ఒక ఊరు బతుకుతుంటే ఒక్క పట్టుకు మనం ఇంత టెన్షన్ పడుతున్నామా అనిపిస్తుంది.

మూడో వీధి (ఫిబ్రవరి 12)

అన్నా, ఆ ఊళ్ళో ఎవరూ ఆ చెట్టు పక్కన గాలిపటం ఎగరేయరు, రాయి విసరరు, ఏసీ మెకానిక్‌ను ఎక్కించరు. వాళ్ళకు తరాలుగా తెలుసు. అపార్ట్‌మెంట్‌లో నెలకో కొత్త కుటుంబం వస్తుంది. మీరు చెప్పే ఓర్పు అందరికీ తెలిసినప్పుడే పనిచేస్తుంది. నేను ఈగలకు శత్రువును కాదు. ట్యాంకు పైన కడగాలంటే మనిషి పట్టుకు మూరెడు దూరంలో నిలబడాలి. ఐదో అంతస్తు గారూ, మీ ట్యాంకు కడిగే నెల ఏది?

ఐదో అంతస్తు (ఫిబ్రవరి 12)

మార్చి. ఈ ప్రశ్న మీటింగ్‌లో ఎవరికీ తట్టలేదు.

ఇంకోటి చెప్పాలి. కార్ల మీద, ఆరేసిన బట్టల మీద పసుపు చుక్కలు పడుతున్నాయి, సాయంత్రం ఆరు దాటాక. మెంతి గింజంత. అది ఏదో కెమికల్ అని ఒకాయన హడావుడి చేస్తున్నారు.

కీటకాల మాస్టారు (ఫిబ్రవరి 12)

అది ఈగల రెట్ట, అందులో ఉండేది పుప్పొడి తొక్కే. ఇవి గుంపుగా లేచి ఒకేసారి విసర్జిస్తాయి. మీ పక్కింటాయన భయపడితే తప్పు పట్టకండి. 1981లో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్ ఆగ్నేయాసియాలో పడుతున్న ‘పసుపు వాన’ సోవియట్ల విషాయుధం అని ఆరోపించారు. మాథ్యూ మెసల్సన్, థామస్ సీలీ లాంటి శాస్త్రవేత్తలు థాయ్‌లాండ్ వెళ్ళి, ఆ చుక్కలు ఈ తేనెటీగల రెట్టతో సరిపోతాయని చూపించారు. తడి గుడ్డతో తుడిస్తే పోతుంది.

మీటింగ్‌లో తేల్చాల్సిన ముఖ్యమైన విషయం ఇంకోటి ఉంది. అది పెరేనా, ఉత్త గుంపా? ప్రయాణంలో ఉన్న గుంపులు పెర కట్టకుండా కొమ్మకో గోడకో వేలాడి కొన్నాళ్ళు ఆగి లేచిపోతాయి. ఉత్తర థాయ్‌లాండ్‌లో ఒక నది ఒడ్డు తోటలో ఇలాంటి గుంపులు ఏటా వచ్చి ఆగుతాయని 2012లో ప్రచురించారు. అలాంటి దాన్ని తగలబెట్టడం మరీ అన్యాయం, అది రేపోమాపో పోయేదే. మీది డిసెంబరు నుంచి ఉంది కాబట్టి పెరే. నేను ఆగమనే అంటాను. కానీ మూడో వీధి అమ్మాయి ట్యాంకు గురించి అడిగింది చాలా సరైన ప్రశ్న, దానికి జవాబు లేకుండా ఆగమనడం తప్పు.

తాడు మీద పని (ఫిబ్రవరి 13)

ట్యాంకు కడగడం మే చివరికి జరపండి. అంతదాకా నీళ్ళు కింద సంపు నుంచి వాడుకునే ఏర్పాటు ఉందేమో చూడండి. మేడ తలుపుకు తాళం. పై రెండు అంతస్తుల బాల్కనీ లైట్లు రాత్రి బంద్, లేకుంటే పసుపు బల్బు. కింద బోర్డు పెట్టండి, ఈగలు లేస్తే చేతులు ఊపొద్దు, మూతి కప్పుకుని ఇంట్లోకి ఉరికి తలుపు వేసుకోవాలె అని. ముల్లు గుచ్చుకుంటే గోరుతో వెంటనే గీకేయాలె, అక్కడ పండిన అరటిపండు లాంటి వాసనొస్తది, ఆ వాసనకే ఇంకా ఈగలు వస్తయి. పోయినంక పెర గీకి, సున్నం వేసి, దసరా లోపల ఆ మూలకు వల కట్టుకోండి. వాలనిచ్చి కాల్చేకంటే వాలకుండ చేస్తే ఇద్దరికీ మంచిది. వల కట్టనీకి నేను వస్త.

మూడో వీధి (ఫిబ్రవరి 13)

ఇవన్నీ రాసుకుని, ఎవరు చూస్తారో పేరు పెట్టి సంతకం చేస్తే నేను ఒప్పుకుంటాను. అలెర్జీ ఉన్న వాళ్ళెవరైనా పై అంతస్తుల్లో ఉంటే మాత్రం ఒప్పుకోను, అప్పుడు పనోణ్ణి పెట్టి తీయించాల్సిందే.

నంద్యాల రైతు (ఫిబ్రవరి 13)

వల కడితే అవి ఇంకెక్కడికి పోవాలి అక్కా? మా ఊరి మర్రి రోడ్డు వెడల్పులో పోయింది.

ఐదో అంతస్తు (ఫిబ్రవరి 16)

మీటింగ్ అయింది. పై రెండు అంతస్తుల్లో ఇల్లిల్లూ అడిగాను, కుడితే పడనివాళ్ళు ఎవరూ లేరు. మే చివరిదాకా ఆగాలని పదకొండు మంది, తీయించాలని ఏడుగురు. మేడ తాళం నా దగ్గర, లైట్ల బాధ్యత వాచ్‌మన్‌ది, కాగితం మీద సంతకాలయ్యాయి. వల మాట మాత్రం తేలలేదు. రైతు అన్న అడిగిందే నేనూ అక్కడ అడిగాను. మా వెనక పార్కులో ఒక పెద్ద రావిచెట్టుంది, కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని నరకడానికి గుర్తు వేశారు. తీగకు తగిలే కొమ్మల వరకే కొట్టమని అడగడానికి రేపు నలుగురం వెళ్తున్నాం.